చిలుక కరుస్తోందా? ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు

మా సన్ కన్యూర్ చిలుక మొదటిసారి రక్తం వచ్చేలా కరిచినప్పుడు, వేలికి పసుపు అద్దుతూ మా ఆవిడ అడిగింది: "ఇంతకీ మీరేం చేశారు దాన్ని?" అప్పుడు ఒళ్లు మండింది గానీ, ఆ తర్వాత ప్రతి కాటుకీ నన్ను నేను అడుగుతున్నది అదే. ఎక్కడ కరిచింది, ఏ వేళ కరిచింది, అంతకుముందు నా చెయ్యి ఏం చేస్తోంది? ఈ మూడూ ఒక వారం కాగితం మీద రాసి చూడండి. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. ఇదంతా కాకటీల్, లవ్‌బర్డ్, కన్యూర్, ఆఫ్రికన్ గ్రే లాంటి విదేశీ జాతుల గురించి. మన తోటల్లో జామకాయలు కొట్టే రామచిలుకను పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. సన్ కన్యూర్, గ్రే ఉన్నవాళ్లు 2024లో వచ్చిన నిబంధనల కింద కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో నమోదు కూడా చేయించుకోవాలి.

సమస్య: పంజరంలో చెయ్యి పెడితే కరుస్తుంది, బయటికొస్తే బుద్ధిగా ఉంటుంది

పంజరం మనకు సామాను, దానికి ఇల్లు. చెప్పా పెట్టకుండా వంటింట్లోకి దూరి గిన్నెలు సర్దే చుట్టాన్ని మనం మాత్రం ఎంతసేపు భరిస్తాం? పైగా చెయ్యి పైనుంచి దిగిందంటే చిలుక కంటికి అది గద్దలాగే ఉంటుంది. మొదట పక్కకు జరుగుతుంది. ఈకలు బిగబడతాయి, మెడ ముందుకు చాస్తుంది, నోరు తెరిచి చూపిస్తుంది. మనం ఇవేవీ పట్టించుకోం. చివరికి కరుస్తుంది, చెయ్యి వెనక్కి పోతుంది. కరిస్తే చెయ్యి పోతుందని అది ఒక్కసారికే నేర్చేసుకుంటుంది. తర్వాత్తర్వాత ఆ హెచ్చరికలు కూడా మానేసి నేరుగా కరుస్తుంది. "ఉన్నట్టుండి కరిచిందండీ" అని మనం అనేది అప్పుడే.

కాబట్టి కొన్నాళ్లు చెయ్యి లోపల పెట్టకండి. గిన్నెలు మార్చడం, అడుగు ట్రే కడగడం అది బయట తిరుగుతున్నప్పుడే పెట్టుకోండి. బయటి నుంచి తిప్పి తీసే గిన్నెలున్న పంజరమైతే సగం గొడవ ఉండదు. బయటికి తేవాలంటే తలుపు తీసి, దానంతటది వచ్చేదాకా ఆగండి.

ఆగడం మన వల్ల కాదు కనుక ఈలోగా ఒక పని. ఒక పొడవాటి పుల్ల తీసుకోండి. రోజూ గిన్నెలో వేసే పొద్దుతిరుగుడు గింజలు పూర్తిగా ఆపేయండి, ఇకపై అవి బహుమతికి మాత్రమే. లవ్‌బర్డ్, కాకటీల్ అయితే కొర్ర కంకి ముక్కలు ఇంకా బాగా పనిచేస్తాయి. కమ్మీల బయటి నుంచి పుల్ల కొన చూపించండి. అది ముక్కుతో తాకగానే "గుడ్" అని ఒక గింజ ఇవ్వండి. ఐదు నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు చాలు. కొద్ది రోజులకే పుల్ల ఎటు పోతే అటు నడుస్తుంది. అప్పుడు పుల్లతో తలుపు దాకా, అక్కడినుంచి పంజరం బయట ఒక కర్ర మీదికి, చివరగా మీ చేతి మీదికి రప్పించండి. ఏ మెట్టు దగ్గర వెనకాడితే ఒక మెట్టు కిందికి దిగండి. మా దానికి మూడు వారాలు పట్టింది. గ్రేలకు నెలలు పట్టినా కంగారుపడొద్దు.

తోలు గ్లౌజులు వేసుకుని పట్టుకోమని షాపుల్లో చెబుతారు. వద్దు. మీ వేలు నొప్పి తప్పుతుంది గానీ, ఆ గ్లౌజు కనిపిస్తేనే వణికిపోయే చిలుక తయారవుతుంది.

పంజరం ఎక్కడ ఉందో కూడా చూడండి. హాలు నడిమధ్యలో, నాలుగువైపులా జనం తిరిగేచోట ఉంటే అది రోజంతా కాపలా కాస్తూనే ఉంటుంది. ఒక వైపైనా గోడకు ఆనించండి. వంటగది పక్కన మాత్రం వద్దు, మాడిన నాన్‌స్టిక్ పెనం పొగకు చిలుకలు నిమిషాల్లో చనిపోతాయి.

సమస్య: మొన్నటిదాకా బాగుంది, ఇప్పుడు మూలల్లో దూరి దగ్గరికి రానివ్వడం లేదు

గూడు కట్టే వేళ వచ్చింది. చాలాసార్లు తెచ్చిపెట్టేది మనమే. పంజరంతో పాటు షాపువాళ్లు అంటగట్టే మట్టి ముంత ఉంటుంది చూశారా, అది చిలుకకు పడకగది కాదు, పురిటిగది. పీచ్ ఫేస్ లవ్‌బర్డ్ ఆడదైతే కాగితాలు సన్నగా చీల్చి తోక పైన ఈకల్లో దోపుకుంటుంది. అలా కనిపించిందంటే ఇక ఆ పంజరం ఆమెదే. లవ్‌బర్డ్స్‌లో మగవాటికంటే ఆడవాటికే ఈ పౌరుషం ఎక్కువ.

పిల్లలు తీయించే ఉద్దేశం లేకపోతే ముంత తీసేయండి. కాగితం ముక్కలు, గుడ్డ పీలికలు, అల్మరా కింద చీకటి మూలలు అందకుండా చేయండి. నిమిరితే తల, మెడ వరకే. వీపు మీద, రెక్కల కింద నిమరడం దాని భాషలో జంటకు చేసే పిలుపు. వెచ్చటి మెత్తటి తిండి కూడా ఈ రోజుల్లో తగ్గించండి.

అన్నిటికంటే పెద్దది నిద్ర. చిలుకకు రోజుకు 10 నుంచి 12 గంటల చీకటి, నిశ్శబ్దం కావాలి. మన ఇళ్లలో సీరియళ్లన్నీ అయ్యేదాకా హాల్లో లైటు వెలుగుతూనే ఉంటుంది. పగలు పొడవైతే గుడ్ల కాలం వచ్చినట్టే లెక్క దానికి. నిద్ర చాలకపోతే చిరాకు వేరే. సాయంత్రం ఏడింటికల్లా టీవీ లేని గదిలోకి మార్చండి. ఈ ఒక్క మార్పుతోనే రెండు మూడు వారాల్లో నెమ్మదించిన చిలుకలు ఉన్నాయి.

గుడ్డు పెట్టేసిందా? వెంటనే తీసేస్తే మళ్లీ మళ్లీ పెట్టి ఒంట్లో కాల్షియం పోగొట్టుకుంటుంది. కొన్నాళ్లు పొదగనిచ్చి, విసుగొచ్చి వదిలేశాక తీయండి.

సమస్య: ఒకరి దగ్గరే ముద్దు, ఇంకెవరు వచ్చినా దాడి

ఆ ఒకరిని అది జంటగా ఎంచుకుంది. గమ్మత్తేమిటంటే, కొత్తవాళ్లు దగ్గరికొచ్చినప్పుడు చిలుక కొన్నిసార్లు భుజం ఎక్కించుకున్నవారినే కరుస్తుంది. అందని శత్రువు మీది కోపం అందినవాళ్ల మీద తీర్చుకోవడమన్నమాట. దీనికి భుజం ఎక్కడం మానిపించాలి, చెంపకు కంటికి అంత దగ్గరగా ముక్కు ఉండకూడదు. ఇష్టమైన గింజలు ఇకపై మిగతా ఇంటివాళ్ల చేతి నుంచే అందాలి. మొదట గిన్నెలో వేసి వెళ్లిపోవడం, తర్వాత పుల్ల ఆట, ఆ తర్వాతే చెయ్యి. ఆ సమయంలో ఇష్టుడు గదిలో లేకపోతే మేలు.

చిన్న చిన్నవి

ఆడుతూ ఆడుతూ కరిస్తే కళ్లు చూడండి. కనుపాప చటుక్కున చిన్నదై, పెద్దదై, మళ్లీ చిన్నదవుతుంటే, తోక విసనకర్రలా విచ్చుకుంటే ఆట అక్కడితో ఆపేయండి. తల నిమిరించుకునేది ఇప్పుడు కరుస్తోందంటే కొత్త ఈకలు ముళ్లలా పొడుచుకొస్తున్నాయేమో చూడండి, అవి నొక్కితే నొప్పి. పిల్ల చిలుక అన్నీ కొరుకుతుంది, దానికి ముక్కే చెయ్యి. వేలి బదులు వేపపుల్లో తాటాకో ఇవ్వండి.

కరిచిన ఆ క్షణంలో

అరవకండి. మన కేక కొన్ని చిలుకలకు తమాషా. ముఖం మీద ఊదడం, ముక్కు మీద కొట్టడం, చెయ్యి విదిలించి పడేయడం వల్ల భయం తప్ప ఏమీ మిగలదు. మారుమాట లేకుండా దగ్గర్లో ఉన్న కుర్చీ మీద దింపి, పది పదిహేను సెకన్లు ముఖం తిప్పుకోండి. శిక్షగా పంజరంలో పెట్టొద్దు. ఇంటికి పోవాలనుకునే చిలుకకు అది బహుమతి అవుతుంది.

గాయాన్ని సబ్బుతో, పారే నీటితో కడగండి. పసుపు సంగతి దాని తర్వాత. పక్షుల వల్ల రేబిస్ రాదు. టీటీ ఇంజెక్షన్ అవసరమా అన్నది డాక్టరును అడగండి. చిలుకల ఇంట్లో ఎవరికైనా జ్వరం, పొడిదగ్గు తగ్గకపోతే ఇంట్లో చిలుక ఉందన్న మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

పైవేవీ కావు, కానీ ఒక్కసారిగా స్వభావం మారింది

ఇది ఆగాల్సిన విషయం కాదు. పగలే ఈకలు ఉబ్బించుకుని కునుకుతూ, ముట్టుకుంటే కరిచే చిలుకకు ఎక్కడో నొప్పి ఉంది. చిలుకలు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. రోజూ పొద్దున్నే, తిండికి ముందు వంటింటి త్రాసు మీద గ్రాముల్లో తూచే అలవాటు ఉంటే ముందే తెలుస్తుంది. 90 గ్రాముల కాకటీల్ 81కి పడిపోయిందంటే అదే రోజు బయల్దేరాలి. ఆడది తోక ఊపుతూ అడుగున కూర్చుని ముక్కుతుంటే గుడ్డు అడ్డం పడి ఉండొచ్చు, గంటలు లెక్కే.

కుక్కలనూ పిల్లులనూ చూసే అందరు డాక్టర్లూ చిలుకలను చూడరు. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతిలో పశువైద్య కళాశాలలున్నాయి, దగ్గర్లో ఉన్నవాళ్లు ముందు ఫోన్ చేసి పక్షులను చూసేవారు ఆ పూట ఉన్నారో లేదో కనుక్కోండి. వెళ్లేటప్పుడు మీరు రాసిన కాగితంతో పాటు ఆ రోజు పంజరం అడుగున పరిచిన పేపరు కూడా మడిచి పట్టుకెళ్లండి. డాక్టరు చిలుక కంటే ముందు ఆ రెట్టనే చూస్తాడు.