గవిలోకి తొలిసారి: బెలుంతో మొదలుపెట్టాలనుకునే పిల్లలకు

మా సీమలో గుహను గవి అంటారు. కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాల నేలలో సున్నపురాయి విస్తారంగా ఉండడం వల్ల ఇక్కడి కొండల్లో, చేల మధ్యన కూడా గవులు కనిపిస్తాయి. వాటిలోకి వెళ్లి చూడాలన్న ఉత్సాహం హైస్కూలు, ఇంటర్ వయసు పిల్లల్లో కలగడం సహజమే. అయితే ఊరి పక్క కొండమీద ఉన్న చీకటి గవితో ఈ చదువు మొదలుపెట్టకూడదు. ముందు బెలుం గుహలకు వెళ్లాలి. లోపలికి ఎంత దూరం పోగలమన్నది తర్వాతి సంగతి, తిరిగి వచ్చే దారిని కంటితో, కాలితో గుర్తుపట్టడం మొదట రావాలి. దానికి దీపాలు, మెట్లు, గైడు ఉన్న బెలుం కంటే మంచి బడి మనకు లేదు.

ఒకప్పటి కర్నూలు జిల్లాలోని కొలిమిగుండ్ల మండలంలో, అంటే 2022 నుంచి నంద్యాల జిల్లాలో, బెలుం గుహలు ఉన్నాయి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని నమోదు చేయగా, 1982, 83 సంవత్సరాల్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో వచ్చిన జర్మన్ బృందం లోపలి దారులను కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు కాగా, సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల మేరకే సందర్శకులు తిరగవచ్చు. ఈ గవి కొండ చరియలో కాక చదునైన చేల కింద ఉంది. నూతుల వంటి మూడు గుంటల్లో నడిమిదానిలోంచి లోపలికి దిగుతారు.

నీళ్లు రాతిని ఎలా తొలిచాయో తెలుసుకోవాలంటే ఇంట్లోని నాపరాయి గచ్చును చూడండి. దానిమీద నిమ్మరసం చుక్క పడి కాసేపు ఉంటే నునుపు పోయి తెల్లని మచ్చ మిగులుతుంది. అమ్మ ఎంత తుడిచినా అది పోదు, ఎందుకంటే అక్కడ మురికి చేరలేదు, పులుపుకు రాయే కరిగింది. వానచుక్క గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని అంతకంటే చాలా మెత్తని పులుపై, రాతి పగుళ్లలోకి ఇంకి, లక్షల ఏళ్లపాటు ఇదే పని చేస్తుంది. నీరు పారిన గవుల గోడలమీద చిన్న చిన్న గుంటలు వరుసగా కనిపిస్తే వేలు పెట్టకుండా దీపం పక్కనుంచి వేసి చూడండి: ప్రతి గుంటకూ ఒక వైపు నిటారుగా, మరొక వైపు ఏటవాలుగా ఉంటుంది. నిటారు వైపునుంచి ఏటవాలు వైపుకు నీరు పారిందని అర్థం. గుంటలు ఎంత చిన్నవైతే ప్రవాహం అంత వేగంగా ఉండేదన్నమాట.

బెలుంలో ఉక్క ఎక్కువ. పలుచని నూలు బట్టలు, పొడుగు చేతుల చొక్కా, జారని అడుగున్న బూట్లు వేసుకొని, తాగునీరు వెంట తీసుకెళ్లండి. నడిచేటప్పుడు దారి చీలిన ప్రతిచోటా ఆగి వెనక్కి తిరిగి చూడండి, ఎందుకంటే లోపలికి పోతున్నప్పుడు కనిపించిన రాయి తిరుగు దారిలో మరో ఆకారంలో కనిపిస్తుంది. లోపల చూసిన కోటిలింగాలు, సప్తస్వరాల గుహ, పాతాళగంగ ఏ వరుసలో వచ్చాయో బయటికి వచ్చాక కాగితంమీద గీసి, మరోసారి వెళ్లి సరిచూసుకోండి. ఆ పటం సరిగ్గా కుదిరే వరకు దీపాలు లేని గవి వైపు పోకపోవడమే మంచిది.

దీపాలు లేని గవికి వెళ్లే రోజు వస్తే, అనుభవమున్న పెద్దవారు వెంట ఉండాలి, ఇంట్లో అనుమతి ఉండాలి, అటవీ భూమి అయితే శాఖ అనుమతి కూడా ఉండాలి. నలుగురికి తగ్గకుండా వెళ్లాలని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఉంది: ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కన కూర్చొని, ఇద్దరు కలిసి సాయానికి పోవచ్చు. ఒక్కొక్కరి దగ్గర మూడు దీపాలు ఉండాలి. గడ్డం కింద పట్టీ బిగించిన హెల్మెట్‌కు ఒకటి, సంచిలో రెండు, వాటికి సరిపడా కొత్త బ్యాటరీలు. ఫోను దీపాన్ని ఈ లెక్కలో చేర్చకండి. డిగ్రీ చదివే రోజుల్లో మేము ఐదుగురం రెండే టార్చీలతో ఒక చిన్న గవిలోకి పోయాము. ఒకటి చెయ్యి జారి రాతిమీద పడి ఆరిపోయింది, రెండోది పసుపురంగుకు తిరిగి క్షీణిస్తూ చివరికి ఆరిపోయింది. ముఖం ముందు పెట్టుకున్న నా చెయ్యి నాకు కనిపించలేదు. పది నిమిషాల దారిని గోడ తడుముకుంటూ ఎంతసేపు పాకామో ఇప్పటికీ చెప్పలేను, కానీ ఆనాటి నుంచి మూడో దీపం లేకుండా నేను ఏ గవి గడపా దాటలేదు.

నూతిలా నిట్టనిలువుగా ఉన్న గవుల్లోకి తాడు పట్టుకొని దిగడం తొలి ఏళ్ల పని కాదు. వాన సూచన ఉన్నప్పుడు, ముఖ్యంగా తుఫాను రోజుల్లో, వాగు పారే గవిలోకి వెళ్లకూడదు. మన నెత్తిన చినుకు పడకపోయినా ఎగువ కొండల్లో కురిసిన వానకు లోపల నీరు ఒక్కసారిగా పెరగవచ్చు. పల్లపు మూలల్లో బొగ్గుపులుసు వాయువు పేరుకునే అవకాశం ఉంది కనుక, ఊపిరి వేగం పెరిగినా, తలనొప్పి మొదలైనా కారణం వెతకకుండా అందరూ వెంటనే వెనుదిరగాలి.

గబ్బిలాలు ఉన్నచోట అరవకండి, వాటిమీద దీపం వేయకండి, చేత్తో తాకకండి. ఎండిన రెట్ట ధూళి పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు కాబట్టి, రెట్ట పేరుకున్న గవిని తొలినాళ్లలో వదిలేయడమే మేలు. గబ్బిలం కరిస్తే గాయాన్ని సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా సంగతి అడగాలి. గవి వాకిట తేనెపట్టు ఉంటే ఆ రోజుకు ఆ గవి వద్దు.

బేతంచెర్ల దగ్గరి బిలసర్గం గుహల్లో 1880లలో జరిపిన తవ్వకాల్లో ప్రాచీన జంతువుల ఎముకలు దొరికాయి. అటువంటి చోట నేలను కాలితో కెలికినా, గుర్తుగా ఒక ముక్క జేబులో వేసుకున్నా, పరిశోధకులు చదవవలసిన పొరలు కలిసిపోతాయి. పైకప్పునుంచి వేలాడే సున్నపు ఊడలను తాకితే వేలి జిడ్డు అంటి వాటి పెరుగుదల దెబ్బతింటుంది. బొగ్గుతో, మేకుతో గోడలమీద పేర్లు రాసినవారి చేతలు చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఆ గీతను రాయి మాన్పుకోలేదు.

ఇంట్లోనో ఊళ్లోనో ఒకరికి, ఏ గవికి పోతున్నారో, ఎందరు పోతున్నారో, ఎన్నింటికి బయటికి వస్తారో కాగితంమీద రాసి ఇవ్వండి. ఆ వేళ దాటితే ఎవరికి ఫోను చేయాలో కూడా అందులోనే రాయండి. బయటికి రాగానే, బూట్ల మట్టి దులుపుకోకముందే, ఆ మనిషికి ఫోను చేసి అందరమూ వచ్చామని లెక్కతో సహా చెప్పండి.