పాత పికప్‌కి ట్రైలర్ కట్టాక లైట్లు పిచ్చిపిచ్చిగా వెలుగుతున్నాయా? బల్బు కొనేముందు ఎర్త్ చూడండి

రాయగడ, కొరాపుట్, జయపురం వైపు పాత పికప్‌కి చిన్న ట్రైలర్ కట్టి తిరిగేవాళ్లు చాలామందే ఉన్నారు. టెంట్ హౌస్ వాళ్ల జనరేటర్, స్లాబు పనివాళ్ల మిల్లర్ (కాంక్రీటు కలిపే మిషను), వెల్డింగ్ సెట్టు, ఇలా ఏదో ఒకటి వెనకాల ఉంటుంది. వీటిలో ఇంకా ఒడిశా పాత ఓఆర్ నంబరుతో నడుస్తున్న బండ్లు, అంటే 2012కి ముందువి, తక్కువేమీ కాదు. హుక్కును ఛాసిస్‌కి బిగించాలి కానీ బంపర్‌కి కాదని, సేఫ్టీ గొలుసు వేయాలని మీకు తెలుసు. ట్రైలర్‌కి వేరే రిజిస్ట్రేషన్ కావాలని కూడా తెలుసు, తెలియనట్టు ఉంటారంతే. కాబట్టి నేరుగా సమస్యల్లోకి వెళ్దాం.

బ్రేక్ తొక్కితే ఇండికేటర్ మినుకుమంటోంది, టెయిల్ లైటు గుడ్డిగా ఉంది

నా దగ్గరికి వచ్చే ట్రైలర్లలో ఎక్కువ భాగం ఈ కంప్లైంటుతోనే వస్తాయి. "మేస్త్రీ, బల్బులు మార్చాను, హోల్డర్లు మార్చాను, ఫ్లాషర్ కూడా కొత్తదే" అంటారు. "ఎర్త్ వైరు ఎక్కడ బిగించావు బాబూ?" అని అడిగితే, "హుక్కు ఇనుమే కదా, ఎర్త్ అదే వస్తుంది" అంటారు. అసలు దొంగ అక్కడే దొరుకుతాడు.

ఎర్త్ అంటే బల్బు నుంచి కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగి వెళ్లే దారి. హుక్కు ఇనుమే, కాదనను. కానీ హుక్కు పిన్నుకీ, అది దూరే ట్రైలర్ కంటికీ (రింగుకీ) మధ్య తుప్పు ఉంటుంది, గ్రీజు ఉంటుంది, ఎర్రమట్టి ఉంటుంది. పైగా ఆ రెండూ ఒకచోట నిలకడగా ఉండవు. బండి లాగుతున్నప్పుడు పిన్ను కంటికి ఒకవైపు గట్టిగా ఆనుకుంటుంది. ఆ కాంటాక్టు బాగానే ఉంటుంది కాబట్టి ఎర్త్ అందుతుంది. సుంకి ఘాట్ దిగుతూ బ్రేక్ తొక్కారనుకోండి, ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది. పిన్ను ఆ వైపు వదిలేసి రెండోవైపు ఆనేలోపు లైటు పోతుంది. అంటే బ్రేక్ లైటు సరిగ్గా అవసరమైన క్షణంలోనే ఆరిపోతుంది. షెడ్డులో నిలబెట్టి చూస్తే అన్నీ వెలుగుతాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు. పండక్కి ముందు శ్రద్ధగా హుక్కుకి గ్రీజు పెట్టిన మర్నాడే లైట్లు పోయాయని వచ్చినవాళ్లూ ఉన్నారు.

మరి ఇండికేటర్ ఎందుకు వెలుగుతుంది? బ్రేక్ బల్బులోకి వెళ్లిన కరెంటుకి వెనక్కి వచ్చే దారి కావాలి. ఎర్త్ మూసుకుపోతే అది అదే బల్బులోని టెయిల్ ఫిలమెంటు గుండానో, ఇండికేటర్ బల్బు గుండానో పికప్ వైపు వచ్చి, అక్కడి బల్బుల మీదుగా ఎర్త్‌కి చేరుతుంది. అందుకే హెడ్‌లైట్ స్విచ్చు ఆఫ్‌లో ఉన్నా, బ్రేక్ తొక్కినప్పుడు నంబర్ ప్లేటు లైటో డ్యాష్‌బోర్డ్ లైటో సన్నగా వెలుగుతుంది. చీకట్లో నిలబెట్టి ఒకసారి చూడండి. అది కనిపిస్తే ఇక బల్బుల జోలికి పోనక్కర్లేదు.

ఖాయం చేసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఒక పొడవాటి వైరు లాగి ట్రైలర్ ల్యాంపు హోల్డర్‌కి తాకించండి. లైట్లన్నీ ఒక్కసారిగా దారికొస్తే ఎర్త్ తప్పే.

ఇక్కడ చాలామంది మల్టీమీటర్‌ని బీప్‌లో పెట్టి, బీప్ వచ్చింది కాబట్టి ఎర్త్ బాగుందంటారు. బీప్ కోసం మీటరు పంపే కరెంటు చాలా చిన్నది. వైరులో ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. కానీ 21 వాట్ల బ్రేక్ బల్బులు రెండు కలిసి దాదాపు మూడున్నర ఆంపియర్లు లాగుతాయి, దానికి ఒక్క పోగు ఏం సరిపోతుంది? అందుకే కొలత లోడు మీదే, అంటే బల్బులు కరెంటు లాగుతుండగానే చూడాలి. మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. ఎవరినైనా బ్రేక్ తొక్కి పట్టమనండి. నల్ల ప్రోబు బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర ప్రోబు ట్రైలర్ ల్యాంపు ఎర్త్ మీద పెట్టండి. 0.2 వోల్టు లోపు ఉంటే పర్వాలేదు. అర వోల్టు దాటితే సరిచేయాల్సిందే. తర్వాత ఎర్ర ప్రోబును ట్రైలర్ ప్లగ్గు దగ్గరికి, అక్కడి నుంచి పికప్ సాకెట్టు దగ్గరికి, చివరికి ఛాసిస్ బోల్టు దగ్గరికి జరుపుకుంటూ రండి. రీడింగు ఎక్కడ ఢమాలున పడిపోతే, అంతకుముందు చూసిన చోటుకీ దీనికీ మధ్యే తప్పు ఉంది. బల్బుకి 12 వోల్టులకి బదులు 10 అందితే వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది, కాబట్టి వోల్టే కదా అని వదిలేయకండి.

రిపేరు ఇలా చేయండి. ల్యాంపుల నుంచి ప్లగ్గు దాకా, సాకెట్టు నుంచి పికప్ ఛాసిస్ దాకా 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు విడిగా వేయండి. 7 పిన్నుల ప్లగ్గులో 3వ పిన్ను ఎర్త్, దాని వైరు రంగు తెలుపు. అది పద్ధతి. మన దగ్గర ఎవరికి ఏ రంగు దొరికితే అది వేసేస్తారు కాబట్టి, పాత ట్రైలర్‌లో రంగు చూసి నమ్మకండి, పిన్ను పిన్నూ చూసుకోండి. ఛాసిస్ మీద బిగించేచోట పెయింటు మొత్తం గీకి ఇనుము మెరిసేదాకా ఆకురాయి పెట్టండి. థింబుల్ (వైరు చివర నొక్కే రింగు), స్టార్ వాషర్, బోల్టు, నట్టు వేసి, బిగించిన తర్వాతే పైన గ్రీజు పూయండి. రేకుకి స్క్రూ కొట్టి దానికి వైరు చుట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక్క వర్షాకాలం గడిచేసరికి ఆ వైరు మళ్లీ ఊడుతుంది.

ఇదంతా చేసినా రీడింగు తగ్గలేదంటే పాత బండికే ఉండే ఇంకో తిరకాసు ఉంది. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఛాసిస్‌కీ, ఇంజన్ నుంచి ఛాసిస్‌కీ ఉండే అల్లిక పట్టీలు లోపల పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. సెల్ఫ్ కూడా మొరాయిస్తుంటే అనుమానం అక్కర్లేదు, ముందు వాటిని మార్చండి.

అరవై స్పీడు దాటితే ట్రైలర్ తోక ఊపుతోంది

బరువు ఇరుసు వెనక పడింది. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద ఉండాలి. 800 కిలోల ట్రైలర్ అయితే 80 నుంచి 120 కిలోలు. ధాన్యం తూచే కాటా మీద ట్రైలర్ ముక్కు పెట్టి చూడండి, హుక్కుకి తగిలించే ఎత్తులోనే పెట్టాలి. జనరేటర్ ట్రైలర్లలో ప్యానెల్ వెనక నుంచి అందాలని సెట్టు మొత్తాన్ని వెనక్కి బిగిస్తారు. దాన్ని ఇరుసు ముందుకు జరపాలి, వేరే మందు లేదు. ఊగడం మొదలైతే యాక్సిలరేటర్ వదిలేయండి. స్టీరింగు తిప్పి సరిచేయబోకండి, గట్టి బ్రేకూ వద్దు.

ముక్కు బరువు సరిచేశాక పికప్ వెనక కుంగితే కమాన్ పట్టీలు అరిగిపోయాయని అర్థం. వాటిని మార్చండి. అదనపు పట్టీ వేయించే ముందు వెనక ఇరుసు దగ్గర చూడండి. కొన్ని పికప్‌లలో లోడును బట్టి వెనక బ్రేకు ప్రెజర్‌ని మార్చే వాల్వు ఉంటుంది. వెనక ఎత్తు పెరిగితే బండి ఖాళీ అనుకుని అది వెనక బ్రేకుని తగ్గించేస్తుంది. వాల్వు సెట్టింగు కూడా చూపించుకోండి.

ఘాట్ ఎక్కుతుంటే వేడెక్కుతోంది, దిగుతుంటే బ్రేకు మెత్తబడుతోంది

వేడికి ముందు రేడియేటర్ చూడండి. దుమ్ము, ఊక ఫిన్నుల మధ్య ఇరుక్కుని ఉంటాయి. ఇంజన్ వైపు నుంచి బయటికి గాలి కొట్టాలి, బయటి నుంచి కొడితే ఇంకా లోపలికి పోతాయి. తర్వాత ఫ్యాన్ బెల్టు చూడండి. థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్‌కి నీళ్లు వదిలే వాల్వు) పీకేయడం రిపేరు కాదు. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. చిన్న ట్రైలర్లకి సొంత బ్రేకులు ఉండవు, ఆ బరువంతా పికప్ బ్రేకుల మీదే పడుతుంది. పెడల్ మెత్తబడిందంటే బ్రేక్ ఆయిల్ తేమ పీల్చి మరుగుతోందని అర్థం. ఎన్నేళ్ల క్రితం మార్చారో గుర్తులేకపోతే ఈరోజే మార్చండి.

మిగతావి

కాంబినేషన్ స్విచ్చు (స్టీరింగు కింద ఉండే లైట్లు, ఇండికేటర్ల స్విచ్చు) పోవడం, ఫ్యూజ్ బాక్సు లోపల కాలడం, ట్రైలర్ వంగిపోవడం, ఇవన్నీ ఉంటాయి కానీ అరుదు. పైవన్నీ అయ్యాక చూసుకోవచ్చు. ఇండికేటర్ వేగం మాత్రమే తేడాగా ఉంటే అదనపు బల్బుల లోడుకి తగ్గ ఫ్లాషర్ వేయండి. దారిలో ఎక్కడ టీకి ఆగినా ట్రైలర్ చక్రాల హబ్బుల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి గోరువెచ్చగా, రెండోది చెయ్యి పెట్టలేనంతగా ఉంటే బేరింగు గ్రీజు అయిపోయింది, ఇంటిదాకా వెళ్లొచ్చులే అనుకోకండి.