డిసెంబర్ 31 రాత్రికి బత్తాయి, నిమ్మతో స్పార్క్లింగ్ కాక్‌టెయిల్

ఇంట్లో పార్టీ అనగానే చాలామంది ఒక పెద్ద జగ్గు తీసి జ్యూసు, మందు, స్పార్క్లింగ్ వైన్ (సోడాలా బుడగలొచ్చే వైన్) అన్నీ ఒకేసారి పోసి గరిటెతో తిప్పి పక్కన పెట్టేస్తారు. పదకొండింటికి చూస్తే అందులో గ్యాసూ ఉండదు, చల్లదనమూ ఉండదు, పైగా కాస్త చేదు తగులుతుంది. ఈ డ్రింకులో మజా అంతా బుడగల్లోనే ఉంది. అందుకే పులుపు, తీపి ఉండే భాగాన్ని విడిగా సిద్ధం చేసుకుని, బుడగల సీసాని మాత్రం గ్లాసు చేతికిచ్చే ముందే తెరవాలి. ఇది పాటిస్తే మిగతాదాంట్లో కొంచెం అటూ ఇటూ అయినా ఏం కాదు.

ముందు పండ్లు. రెసిపీల్లో ఎక్కువగా ఆరెంజి అనో గ్రేప్‌ఫ్రూట్ అనో ఉంటుంది గానీ, నల్గొండ తోటలు ఇంత దగ్గర్లో పెట్టుకుని హైదరాబాద్‌లో బత్తాయిని పక్కన పెట్టడం నాకు అస్సలు నచ్చదు. బత్తాయిలో తీపి, వాసన బాగుంటాయి, పులుపు తక్కువ, ఆ లోటు నిమ్మకాయ తీరుస్తుంది. రంగు కావాలంటే ఒక నాగ్‌పూర్ సంత్రా కలపండి, డిసెంబర్‌లో ఎక్కడ చూసినా అవే కదా. రైతు బజార్‌లో కొన్నా, మోండా మార్కెట్‌లో కొన్నా తొక్క నున్నగా, చేతిలో బరువుగా ఉన్న కాయలు ఏరుకోండి. ఎనిమిది గ్లాసులకి నాలుగైదు బత్తాయిలు, ఎనిమిది నిమ్మకాయలు సరిపోతాయి.

తొక్క పారేయకండి, అసలు రుచి అందులోనే ఉంది. పార్టీ రోజు పొద్దున్నే కాయల్ని బాగా కడిగి తుడిచి, పీలర్‌తో పైపైన రంగున్న పొర మాత్రమే పల్చగా తీయండి. కింద తెల్లగా ఉండేది చేదు, అది రాకూడదు. ఈ తొక్కల్లో 100 గ్రాముల పంచదార వేసి చేత్తో బాగా నలిపి, మూతపెట్టి నాలుగైదు గంటలు వదిలేయండి. పంచదార తొక్కలోని నూనెని లాగేసుకుని తడి తడిగా అవుతుంది, మూత తీస్తే వంటిల్లంతా వాసన. అప్పుడు 100 మి.లీ. వేడినీళ్లు పోసి కరిగే దాకా కలిపి, వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. కొంచెం అల్లం దంచి వేసుకున్నా బాగుంటుంది, కానీ యాలకులు వద్దు, నిమ్మ వాసనని తొక్కేస్తాయి.

రసం మాత్రం పొద్దున్నే పిండి పెట్టుకోవద్దు. బత్తాయి రసం పిండినప్పుడు తియ్యగానే ఉంటుంది, కాసేపు నిలవుంటే చేదెక్కుతుంది. పండులో చేదు లేని ఒక పదార్థం పిండాక రసంలోని పులుపు తగిలి మెల్లమెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది, పంచదార ఎంత పోసినా ఆ చేదు పోదు. అందుకే వచ్చేవాళ్లు గేటు దగ్గర ఉన్నామని ఫోన్ చేశాక పిండినా ఫరవాలేదు. మిక్సీలో వేస్తే గింజలు నలుగుతాయి కాబట్టి చేత్తో తిప్పే స్క్వీజర్ వాడి, సన్నటి జల్లెడలో వడకట్టండి. రసంలో పిప్పి ఉంటే వైన్ పోయగానే నురగ పొంగి గ్యాసంతా అక్కడే పోతుంది. పంచదార నేరుగా గ్లాసులో వేసినా ఇదే జరుగుతుంది, అందుకే సిరప్ చేసుకునేది.

ఇక సీసా. లేబుల్ మీద 'బ్రూట్' అని ఉన్నది తీసుకోండి, అందులో తీపి తక్కువ, మన సిరప్‌కి చోటుంటుంది. నాసిక్ వైపు నుంచి వచ్చే సూలా బ్రూట్, షాండన్ బ్రూట్ రెండూ దీనికి బాగుంటాయి. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతం నుంచి వచ్చే అసలు షాంపేన్ ఎవరైనా బహుమతిగా తెస్తే దాన్ని విడిగా తాగండి, రసంలో కలపడం దండగ. వైన్ షాపుకి 31 సాయంత్రం వెళ్తే లైన్లోనే పొద్దుపోతుంది, రెండు రోజుల ముందే తెచ్చి ఫ్రిజ్‌లో పడుకోబెట్టండి. గ్యాసు చల్లటి ద్రవంలోనే నిలుస్తుంది, సీసా వెచ్చగా ఉంటే మూత తీయగానే సగం నేలపాలు. మర్చిపోయారా, టెన్షన్ వద్దు, బకెట్‌లో ఐసుతో పాటు నీళ్లు కూడా పోసి గుప్పెడు ఉప్పు వేసి అరగంట ఉంచండి. ఒట్టి ఐసు ముక్కల కంటే ఐసు నీళ్లే తొందరగా చల్లబరుస్తాయి. ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోతే మాత్రం సీసా పగులుతుంది.

కలపడానికి కొలతలు గ్లాసుకి ఇవి: జిన్ 30 మి.లీ., బత్తాయి రసం 30, నిమ్మరసం 15, సిరప్ 15, పైన స్పార్క్లింగ్ వైన్ 90. ఎనిమిది మందికైతే జిన్ 240, బత్తాయి 240, నిమ్మ 120, సిరప్ 120, వైన్ 750 మి.లీ. సీసా ఒకటి సరిగ్గా సరిపోతుంది. వైన్ తప్ప మిగతావన్నీ జగ్గులో పోసి, నిండా ఐసు వేసి అర నిమిషం తిప్పి, ఐసు రాకుండా గ్లాసుల్లోకి వడకట్టండి. ఈ మిశ్రమాన్ని రుచి చూస్తే పులుపు, తీపి రెండూ కొంచెం ఎక్కువనిపించాలి, వైన్ పడ్డాక సరిపోతుంది. పొడవాటి సన్న గ్లాసులు లేకపోతే మామూలు వైన్ గ్లాసులు చాలు.

సీసా తెరిచేటప్పుడు జాగ్రత్త, లోపల ఒత్తిడి కారు టైరులో గాలికి రెండింతల పైనే ఉంటుంది. రేకు తీసి, మూత మీద బొటనవేలు ఉంచే తీగ వదులు చేయండి, పైన టవల్ కప్పి, సీసాని వాలుగా, మనుషులూ టీవీ లేని వైపు పెట్టండి. బిరడాని గట్టిగా పట్టుకుని, తిప్పాల్సింది సీసాని. సినిమాల్లోలా ఢామ్మని పేలితే ఫొటోకి బాగుంటుంది గానీ డ్రింకు పోతుంది, చిన్నగా 'స్స్' మని రావాలి. గ్లాసు వంచి అంచు మీదుగా మెల్లగా పోసి, చెంచాతో కింద నుంచి పైకి ఒక్కసారి కదిపితే చాలు. పైన సన్నటి తొక్క ఒకటి మెలితిప్పి వేయండి, నాలుగు దానిమ్మ గింజలు వేస్తే పండగ కళ వస్తుంది.

పక్కన ఏదైనా వేయించినదే పెట్టండి, అపోలో ఫిష్ గానీ చికెన్ 65 గానీ మిర్చి బజ్జీ గానీ. నూనె తిన్న నాలుకని ఈ పులుపూ బుడగలూ శుభ్రం చేసేస్తాయి.

తియ్యగా, చల్లగా ఉంటుంది కాబట్టి జ్యూసులా దిగిపోతుంది, కానీ లెక్కేస్తే ఒక్క గ్లాసులో ఆల్కహాలు దాదాపు 60 మి.లీ. పెగ్గుకి దగ్గరగా ఉంటుంది. ఈ మాట వచ్చినవాళ్లకి ముందే చెప్పండి. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకి మందు లేదు, బండి నడిపేవాళ్లకి కూడా వద్దు: రక్తంలో 100 మి.లీ.కి 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, 31 రాత్రి ఊరంతా చెకింగులే. తిరిగి వెళ్లడానికి క్యాబ్ సంగతి పార్టీకి ముందే మాట్లాడుకోండి.

తాగనివాళ్ల గ్లాసు కూడా ఇంతే శ్రద్ధగా చేయండి, పెద్దవాళ్ల చేతిలో కూల్ డ్రింక్ సీసా పెట్టి వదిలేయడం బాగోదు. బత్తాయి రసం 60, నిమ్మరసం 15, సిరప్ 20, చిటికెడు నల్ల ఉప్పు, పైన బాగా చల్లటి సోడా 120 మి.లీ. అదే గ్లాసు, అదే తొక్క, అవే దానిమ్మ గింజలు. ఇలాంటివి రెండు దాటేలా ఉంటే సిరప్ మొదటే రెట్టింపు చేసుకోండి, మిగిలినా ఫ్రిజ్‌లో వారం దాకా ఉంటుంది.