సదరం శాతం తగ్గి పింఛన్ ఆగితే: నా అనుభవంలో పనిచేసిన దారి

సదరం అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చే సర్కారు వైద్య పరీక్ష. దివ్యాంగుల పింఛన్ ఆగిందనగానే హన్మకొండ కలెక్టరేట్‌కు ఉరకొద్దు. ముందు కారణం రాతపూర్వకంగా తీసుకోండి. వైకల్యం 40 శాతం కంటే తక్కువ పడిందా, తాత్కాలిక సర్టిఫికెట్ గడువు తీరిందా, ఆధార్‌లో పేరు కలవలేదా? మూడింటికీ దారులు వేరు. గడువే తీరితే అప్పీల్‌తో పనిలేదు, వైకల్య పరీక్షకు మళ్లీ స్లాట్ తీసుకోవాలి.

శాతం మీదే అభ్యంతరమైతే దివ్యాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 59 కింద అప్పీల్ చేసుకోవచ్చు. "నాకు అన్యాయం జరిగింది" అని మాత్రమే రాస్తే ఫైలు కదలదు. ఏ కీలు ఎంతవరకు వంగుతుంది, పరీక్ష చేసిన మెడికల్ బోర్డు ఏ రిపోర్టు చూడలేదు అన్నది తేదీలతో రాయాలి. వినికిడి సమస్యకు కొత్త ఆడియోగ్రామ్ (వినికిడి కొలత), బెరా (వినికిడి నరం స్పందన చూసే పరీక్ష) రిపోర్టు జత చేయండి. రెండు సెట్ల జిరాక్సుల్లో ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని ఇంట్లో దాచాలి. సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇవ్వొచ్చు, కానీ అది అప్పీల్‌కు బదులు కాదు.

అధికారులు ఇంటికొచ్చి చేసే విచారణ దగ్గరే చాలామంది నష్టపోతారు. "నడుస్తడా?" అని అడిగితే ఇంట్లోవాళ్లు పరువు కోసం "ఆఁ, నడుస్తడు" అంటారు. రిపోర్టులో అదే ఎక్కుతుంది. మంచం నుంచి బాత్రూం దాకా ఎన్ని నిమిషాలు, ఎవరి సాయం, వారంలో ఎన్నిసార్లు పడ్డారు, ఇవన్నీ ఏడు రోజుల ముందు నుంచే నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. చేతికర్ర, పట్టుకునే తాడు, కమోడ్ కుర్చీ వాడేచోటే ఉంచండి, సర్దొద్దు. ఖాళీ ఫారం మీద మాత్రం వేలిముద్ర వేయొద్దు.