ఫ్యాటీ లివర్ అని రిపోర్టు వచ్చిందా? ముందు ఇంట్లో అడగండి, తర్వాత మనసు సంగతి చూడండి

స్కానింగ్ రిపోర్టులో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ (లివర్‌లో కొవ్వు చేరడం, ఇది తొలి దశ) అని చూడగానే మా అన్నయ్య "నేను మందు ముట్టను కదా!" అన్నాడు. ముట్టకపోయినా వస్తుంది. మా నాన్నకీ ఉండేది, మేనత్తకీ ఉంది. పైగా నాన్న పోయాక ఏడాదిగా అన్నయ్యకి సరిగ్గా నిద్ర లేదు, అర్ధరాత్రి లేచి జంతికల డబ్బా ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చునేవాడు, ఈ సంగతి మేం డాక్టరుకి చెప్పనే లేదు. మీరు ఆ తప్పు చెయ్యకండి.

ముందు అమ్మ వైపూ నాన్న వైపూ ఎవరికి లివర్ జబ్బు, షుగర్ ఉన్నాయో అడిగి రాసుకోండి. పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జీన్‌లో ఒక మార్పుకీ లివర్ కొవ్వుకీ సంబంధం ఉందని 2008లో బయటపడింది. ఆ మార్పు ఉన్నవాళ్ళ లివర్‌లో చేరిన కొవ్వు తేలిగ్గా కరగదు. బరువు పెరిగేకొద్దీ దాని దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది, డిప్రెషన్ మనిషిని లాక్కెళ్ళేదీ అటే: నిద్ర చెడుతుంది, నడక ఆగుతుంది, తీపి మీదకి మనసు పోతుంది. కొన్ని డిప్రెషన్ మందులతోనూ బరువు పెరుగుతారు, అలాగని సొంతంగా ఆపెయ్యకండి, డాక్టరుకి చెబితే మార్చిస్తారు. జీన్ టెస్టు మాత్రం చాలామందికి అక్కర్లేదు, వైద్యం ఎలాగూ అదే.

రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి లేకపోతే డిప్రెషన్ ఎంతుందో చూసే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నలకి నిజాయితీగా జవాబు రాయండి. మొత్తం స్కోరు 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టర్ని కలవాలి. విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి పేరు చెబితే మనవాళ్ళు జంకుతారు, దయచేసి జంకకండి. చచ్చిపోవాలనిపిస్తుంటే స్కోరు లెక్కలేం వద్దు, వెంటనే 14416కి, అంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ లైన్‌కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు.

లివర్ డాక్టర్ని ఫిబ్-4 ఎంతుందో అడగండి. వయసు, రెండు లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్లతో వేసే లెక్క అది, లివర్ గట్టిపడే ప్రమాదం ఎంతో చెబుతుంది. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా లివర్‌లో కొవ్వు తగ్గుతుంది, 6 నుంచి 8 తగ్గితే వాపు కూడా.

కానీ దిగులుతో ఉన్నవాణ్ణి రోజూ గంట నడవమంటే నడవలేడు. అన్నయ్య మొదటివారం చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు, అంతే, నేనూ పక్కనే నడిచాను. పొద్దున్న అన్నం బదులు చోడి (రాగి) అంబలి పెట్టింది వదిన. ఇప్పుడు బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర్నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడుస్తున్నాడు, తోడు మాత్రం ఇప్పటికీ కావాలంటాడు.