ఎలక్ట్రోడ్ సెలైన్‌లో పెట్టగానే స్టిమ్యులేటర్ పల్స్ వంకరపోతోందా? నాకు పనిచేసింది ఇదీ

వెన్నుపాము గాయాల రీసెర్చ్‌కి వాడే ఎపిడ్యూరల్ స్టిమ్యులేటర్‌ని (వెన్నుపాము పైపొర మీద పెట్టిన ఎలక్ట్రోడ్‌తో కరెంటు పల్సులు ఇచ్చే డివైస్) బెంచ్ మీద టెస్ట్ చేసేవాళ్లు తరచూ అడిగేదే. 1 కిలోఓమ్ రెసిస్టర్ మీద పల్స్ నీట్‌గా చదరంగా వస్తుంది, ఎలక్ట్రోడ్‌ని సెలైన్‌లో ముంచగానే పైభాగం ఏటవాలుగా లేచిపోతుంది, పైగా 50 హెర్ట్జ్ హమ్ (మెయిన్స్ కరెంటు నుంచి వచ్చే నాయిస్) ఒకటి. కేబుల్, బ్యాటరీ, ఎలక్ట్రోడ్ అన్నీ మార్చి చూశా, తేడా లేదు.

స్కోప్ (ఆసిలోస్కోప్) చూపించేది వోల్టేజి, మన డివైస్ కంట్రోల్ చేసేది కరెంటు, తిరకాసంతా అక్కడే. ముందు స్కోప్ గ్రౌండ్ క్లిప్ సర్క్యూట్ నుంచి తీసేశా, ఎందుకంటే ఐసొలేటెడ్ (ఎర్త్‌తో సంబంధం లేని) అవుట్‌పుట్‌ని అది ఎర్త్‌కి కట్టేస్తుంది. తర్వాత రిటర్న్ వైర్‌కి సిరీస్‌లో 100 ఓమ్స్ రెసిస్టర్ పెట్టి, దాని రెండు చివర్లకీ చెరో ప్రోబ్ తగిలించి, ప్రోబుల క్లిప్పులు రెండూ ఒకదానికొకటి కలిపి పక్కన వదిలేసి, మ్యాథ్ మెనూలో మొదటి ఛానెల్ మైనస్ రెండోది పెట్టా. 5 మిల్లీఆంప్స్‌కి 0.5 వోల్ట్ రావాలి, వచ్చింది, అదీ చక్కటి చదరం! హమ్ కూడా దాదాపు పోయింది. ఆ ఏటవాలు మరేం కాదు, ఎలక్ట్రోడ్ ప్లాటినం ఉపరితలం దగ్గర ఛార్జ్ పోగవడం, కెపాసిటర్ నిండినట్టే.

ఆ తర్వాత కరెంటు మెల్లగా పెంచుతూ పోతే ఒకచోట చదరం కుంగుతుంది, అది డివైస్ ఇవ్వగల గరిష్ఠ వోల్టేజి లిమిట్, రాసిపెట్టుకోండి.

ఇదంతా కాన్‌స్టంట్ కరెంట్ (లోడ్ మారినా కరెంటు మారనివ్వని) డివైస్‌కే. చర్మం మీద పెట్టే, ఒక్కో పల్స్‌ని 10 కిలోహెర్ట్జ్ తరంగంతో నింపి పంపే (క్యారియర్) రకాల మీద నేను ట్రై చెయ్యలేదు. సెలైన్ రీడింగే కణజాలంలోనూ వస్తుందని మాత్రం అనుకోకండి.