సిరీస్ అయిపోయింది, ఇంకా కావాలి: ఏం చదవాలి, ఎలా వెతకాలి

జానపద కథల్లాంటి ప్రేమకథల సిరీస్ ఒకటి చదివేసి, అలాంటిదే ఇంకోటి కావాలనుకుంటున్నారా? ముందు ఆ సిరీస్ నిజంగానే అయిపోయిందో లేదో చూసుకోండి. శాపాలు, రాక్షసులు, రాజకుమారుల ప్రేమకథలు రాసేవాళ్లు పెద్ద పుస్తకాల మధ్యలో చిన్న నవలికలు కూడా వదులుతుంటారు. రచయిత వెబ్‌సైట్లో చదవాల్సిన వరుస ఉంటుంది. అందులో రెండున్నర, మూడున్నర అని నంబర్లు కనిపిస్తే అవి ఈ నవలికలే. చివరి పుస్తకం తర్వాతి అధ్యాయాన్ని మెయిల్ ఐడీ ఇచ్చినవాళ్లకే పంపేవాళ్లూ ఉన్నారు. అవి కూడా ఊడ్చేశాకే కొత్తదాని జోలికి వెళ్లండి.

యాప్ చూపించే "మీకు ఇవి కూడా నచ్చొచ్చు" జాబితాని నేను నమ్మను. అట్ట మీద బొమ్మ ఒకటే, లోపల సరుకు వేరు. మా మరిది కూతురు గుణుపురం హాస్టల్ నుంచి ఫోన్ చేసి, "పెద్దమ్మా, అలాంటిదే ఇంకోటి చెప్పవా" అంది. "అలాంటిదంటే ఎలాంటిదే? మృగం మనిషయ్యేదా, మొగుడి మొహం చూడకూడనిదా, దేవకన్య రెక్కలు దాచేసేదా?" అన్నాను. కాసేపు ఆలోచించి, "మొహం చూడకూడనిది" అంది. సగం పని అయిపోయినట్టే. మీరూ అలాగే మిమ్మల్ని పట్టి కూర్చోబెట్టిన ముడి, అంటే కథ నడిచే అసలు మలుపు, ఏమిటో కాగితం మీద రాసుకోండి. హీరో కళ్ల రంగు అక్కర్లేదు.

ఆ ముడికి నంబరుంటుంది. జానపద కథల్ని రకాలుగా విడదీసే పని ఫిన్లాండ్ పండితుడు ఆర్నె 1910లో మొదలుపెట్టాడు. అమెరికాలో థాంప్సన్ దాన్ని పెంచాడు, 2004లో జర్మనీకి చెందిన ఊథర్ తిరగరాశాడు. ముగ్గురి పేర్లూ కలిపి ఏటీయూ అంటారు. దూరమైన భర్తని వెతుక్కునే కథలు 425, అందులో బ్యూటీ అండ్ ది బీస్ట్ 425సి. నిద్రపోయే రాజకుమారి 410, సిండ్రెల్లా 510ఏ. ఏటీయూ అని కొట్టి, ఈ నంబరు పెట్టి, పక్కన రీటెల్లింగ్ (పాత కథని కొత్తగా చెప్పడం) అని చేర్చి వెతకండి, దేశదేశాల కథలు బయటపడతాయి. బ్యూటీ కథ పిచ్చి ఉన్నవాళ్లకి ఒక మాట: మనకి తెలిసినది 1756లో ఫ్రెంచ్ రచయిత్రి బోమాంట్ కుదించిన రూపం. 1740లో విల్నవ్ రాసిన అసలుది చాలా పెద్దది, దేవకన్యల మధ్య తగాదాలతో సహా అన్నీ ఉంటాయి.

ఇక మా పిల్ల అడిగిన మొహం చూడకూడని మొగుడు. రెండో శతాబ్దంలో అపులేయస్ లాటిన్‌లో చెప్పిన సైకీ కథలో భర్త చీకట్లోనే వస్తాడు. ఆమె దీపం పెట్టి చూస్తుంది, వేడి నూనె చుక్క అతని భుజం మీద పడుతుంది, లేచి ఎగిరిపోతాడు. ఈ ముడికి దగ్గరి చుట్టం మనకి పెద్దన మనుచరిత్రలో ఉంది. ప్రవరుడు వద్దని వెళ్లిపోయాక, వరూధిని అంతకుముందు కాదన్న గంధర్వుడొకడు అదే ప్రవరుడి రూపంలో వస్తాడు. కలిసినప్పుడు కళ్లు మూసుకోవాలని షరతు పెడతాడు. ఆమె మూసుకుంటుంది. సైకీకి దీపమైనా దొరికింది, ఈమెకి అదీ లేదు. ఇప్పటి నవలైతే మొదటి పేజీలోనే హెచ్చరిక వేసేవారు. పద్యాలంటే టెన్షన్ పడకండి, తాత్పర్యం ఉన్న ప్రతి తీసుకుని ముందు కథ పట్టుకోండి, నచ్చిన చోట పద్యం దగ్గర ఆగండి.

తేలిగ్గా, ఎడతెగకుండా కావాలంటే మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలున్నాయి, పన్నెండు భాగాలు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు వెతకడం మాత్రం ఓపిక పని. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. కాశీలో ఒక "ఏ" పెట్టి దొరక్కపోతే రెండు "ఏ"లు పెట్టండి. "ఐ" కూడా అంతే. అదీ కాకపోతే రచయిత ఇంటిపేరు ఒక్కటే కొట్టండి. ఫైళ్లు బరువు, వైఫై ఉన్నచోట దించుకోండి.

మాది పర్లాకిమిడి కాబట్టి మా కొండల సంగతి చెప్పకుండా ఉండలేను. గిడుగు రామమూర్తి గారు ఇక్కడ పనిచేస్తూ మా కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకున్నారని అందరికీ తెలుసు. ఆ సవరల గురించి మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో ఇంగ్లీషులో పెద్ద పుస్తకం అచ్చువేశాడు, పేరు ది రెలిజియన్ ఆఫ్ యాన్ ఇండియన్ ట్రైబ్. అందులో పూజారిణి కాబోయే అమ్మాయికి కలలో పాతాళం నుంచి పెళ్లికొడుకు వస్తాడు. కాదంటే ఆమె జబ్బు పడుతుంది. ఒప్పుకుంటే పెళ్లవుతుంది, ఆ లోకంలో పిల్లలూ పుడతారు. ఈ లోకంలో మామూలు మొగుడు మామూలుగానే ఉంటాడు. ఏ సిరీస్‌లోనూ ఇంతటి ముడి నేను చూడలేదు. కానీ ఇది కల్పన కాదు, మన పక్కవాళ్ల పూజ, వాళ్ల వైద్యం. సంతకొచ్చిన సవర ఆడవాళ్లని ఆపి "మీకూ ఉన్నాడా" అని అడిగే వేషాలు వద్దు. పుస్తకం లావు చూసి బెదరకండి, పూజారిణుల గురించిన భాగం తీసి అక్కడి నుంచే మొదలుపెట్టండి.